నియోస్ సరస్సుతో ఒక సెమిస్టర్: కేసు స్టడీతో కెమిస్ట్రీ చెప్పిన నా అనుభవం

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజికల్ కెమిస్ట్రీలో వాయువులు, ద్రావణాలు అనే రెండు యూనిట్లను ఈసారి లెక్చర్లతో కాకుండా ఒక నిజ సంఘటన చుట్టూ తిప్పి చెప్పాను. ఏప్రిల్‌లో అనుకున్నది నవంబరు చివరికి ముగిసింది. ఈ పద్ధతి గురించి ట్రైనింగుల్లో తెగ చెబుతున్నారు. వాళ్లు చూపించే స్లయిడ్లలో పిల్లలు గుండ్రంగా కూర్చుని నవ్వుతూ ఉంటారు. నా క్లాసులో మొదటి రోజు ఎవరూ నవ్వలేదు. వచ్చే ఏడాది ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు అనుమతి సంగతి. హెచ్ఓడీ మేడం అడిగింది ఒక్కటే: "పోర్షన్ అవుతుందా?" రెండు యూనిట్లే ఇలా చెబుతాను, పరీక్ష పేపర్ మారదు, వెనకబడితే అదనపు క్లాసులు తీసుకుంటాను అని ఒప్పుకున్నాక సరేనన్నారు. నోటి మాటగా వారంలో తేలిపోయింది. కాగితం మీద సంతకం కావడానికి మాత్రం దాదాపు నెల పట్టింది. టైమ్‌టేబుల్‌లో రెండు పీరియడ్లు కలిపి ఒకే బ్లాకుగా ఇవ్వాలంటే ఆ కాగితం కావాలి. కేసు మొదలుపెట్టి యాభై నిమిషాలకే గంట కొడితే చర్చ అక్కడే చచ్చిపోతుంది. అందుకని బ్లాకు లేకుండా దిగొద్దని చెబుతాను. స్టాఫ్ రూములో ఒక సీనియర్ సార్ మాత్రం నా మొహం మీదే అనేశారు: "ఏమండీ మేడం, చెబితేనే రావడం లేదు వాళ్లకు, చెప్పకపోతే వస్తుందా?" అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

కేసు వెతకడం వేసవి సెలవుల్లో పెట్టుకున్నాను. మొదట నన్ను పట్టేసింది 1982లో షికాగోలో జరిగిన సైనైడ్ ఘటన. నొప్పుల మాత్రల సీసాల్లో ఎవరో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, కానీ కణాలు దాన్ని వాడుకోలేవు, ఎందుకంటే ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైమ్ సైటోక్రోమ్ ఆక్సిడేజ్ దగ్గర దారి మూసుకుపోయింది. క్లాసును కట్టిపడేసే కథ, సందేహం లేదు. కానీ నేను చెప్పాల్సింది హెన్రీ నియమం (పీడనం పెరిగినకొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువ కరుగుతుందనేది), వాయు సాంద్రత, పాక్షిక పీడనం (మిశ్రమంలో ఒక్కో వాయువు వంతు పీడనం). కథ బాగుందని తీసుకుని తర్వాత అందులో మన యూనిట్ ఎక్కడుందా అని వెతుక్కుంటే ఉత్త కథాకాలక్షేపమే మిగులుతుంది. సైనైడ్ కేసును బయోకెమిస్ట్రీ చెప్పే సహోద్యోగికి ఇచ్చేశాను.

రెడీమేడ్ కేసులూ దొరుకుతాయి. అమెరికాలో బఫెలో విశ్వవిద్యాలయంలో మొదలైన కేసుల సంకలనంలో సైన్స్ సబ్జెక్టులన్నిటికీ వందల కొద్దీ ఉన్నాయి. జవాబుల కీ మాత్రం మనం అధ్యాపకులమని నిర్ధారించుకున్నాకే ఇస్తారు, కాబట్టి క్లాసుకు ముందు రోజు రాత్రి వెతుక్కుంటే కుదరదు. నేను అవి చదివి పద్ధతి నేర్చుకున్నాను, కేసు మాత్రం సొంతంగా రాసుకున్నాను.

చివరికి ఎంచుకున్నది నియోస్ సరస్సు. కామెరూన్‌లో ఉంది, లోతు 200 మీటర్ల పైచిలుకు. 1986 ఆగస్టు 21 రాత్రి అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి, లోయల వెంట పాకి, సుమారు 1,700 మందిని, వేల పశువులను చంపింది. కొందరు చనిపోయింది సరస్సుకు 20 కిలోమీటర్లకు పైగా దూరంలో. ఇళ్లు చెక్కుచెదరలేదు. నా రెండు యూనిట్లూ అందులో ఉన్నాయి. కథను పక్కన పెట్టినా కెమిస్ట్రీ నిలబడుతుంది, కెమిస్ట్రీ లేకపోతే కథ అర్థం కాదు. కేసు ఎంపికకు నాకు దొరికిన కొలత అదొక్కటే.

రాయడానికి మే, జూన్ నెలలు సరిపోయాయి. పొడుగ్గా ఏమీ లేదు, నాలుగే పేజీలు. కేసును ముక్కలు చేసి, ఒక ముక్క చదివి చర్చించాకే తర్వాతి ముక్క ఇచ్చే పద్ధతి నాది. ఏ వివరం ఏ ముక్కలో పెట్టాలన్నదే అసలు పని. మొదటి పేజీలో బతికి బయటపడ్డవాళ్లు చెప్పినవి: కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది, స్పృహ తప్పింది, చాలా గంటల తర్వాత మెలకువ వచ్చేసరికి చుట్టూ శవాలు. కొందరి ఒంటి మీద కాలినట్టు మచ్చలు. నూనె ఉండగానే దీపాలు ఆరిపోయి ఉన్నాయి. రెండో పేజీలో సరస్సు: నీలం నీళ్లు ఎర్రగా మారాయి, మట్టం మీటరు దాకా తగ్గింది. మూడో పేజీలో లోతు నుంచి తీసిన నీటి నమూనాల విశ్లేషణ. నాలుగో పేజీలో శాస్త్రవేత్తల గొడవ. 1987 మార్చిలో యావుండేలో జరిగిన సదస్సులో ఒక వర్గం ఇది అగ్నిపర్వత పేలుడేనంది, ఇంకో వర్గం సరస్సు తిరగబడి, అంటే అడుగు నీళ్లు పైకొచ్చి, లోపల కరిగి ఉన్న వాయువు బయటికొచ్చిందంది. పెద్ద పెద్దవాళ్లే అలా కొట్లాడుకున్నారని తెలిశాక పిల్లలకు కొంచెం ధైర్యం వస్తుందని ఆ పేజీ చివరికి ఉంచాను.

సరస్సు పేరు, దేశం పేరు మొదటి పేజీలో రాయలేదు. ఫోనులో పేరు కొడితే క్షణంలో జవాబు వచ్చేస్తుంది కదా.

జులైలో ఇంకో సమస్య తగిలింది. ఇలా ఒక సమస్య ఇచ్చి గ్రూపుల్లో నేర్పే పద్ధతి (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్) 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాలలో మొదలైనప్పుడు చిన్న చిన్న గ్రూపులు, గ్రూపుకో ట్యూటర్. నా క్లాసులో అరవై మంది, నేనొక్కదాన్ని. డెలావేర్ విశ్వవిద్యాలయంలో మామూలు సైన్స్ క్లాసుల్లోకి దీన్ని తెచ్చినప్పుడు సీనియర్ విద్యార్థులను గ్రూపుల దగ్గర కూర్చోబెట్టారని చదివి, నేనూ ఫైనల్ ఇయర్ నుంచి కొందరిని అడిగాను. ఇద్దరు ఒప్పుకున్నారు. డబ్బేమీ ఇవ్వలేం, ఒక సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నాను (అది సెమిస్టర్ అయిపోయాక వచ్చింది). వాళ్లకు కెమిస్ట్రీ నేర్పాల్సిన పని లేదు. జవాబు తెలిసీ చెప్పకుండా ఉండటం నేర్పాలి. "ఎందుకలా అనుకుంటున్నావు?", "అది నిజమైతే ఇంకేం కనిపించాలి?" అనే రెండు ప్రశ్నలు రాసిచ్చి, ఏం చేయాలో తోచకపోతే ఇవే అడగమన్నాను. ఒకతను పాపం వారం పాటు ఇవే రెండు ప్రశ్నలు అడిగీ అడిగీ, పిల్లల చేత 'ఎందుకన్నయ్య' అనిపించుకున్నాడు.

ఆగస్టు రెండో వారంలో క్లాసు మొదలైంది. గ్రూపుకు ఐదుగురు, స్నేహితులంతా ఒకేచోట పడకుండా నేనే వేశాను. దానికే సగం మంది మొహాలు మాడ్చుకున్నారు. మొదటి పేజీ పంచి, "ఏం జరిగి ఉంటుందో మాట్లాడుకోండి" అన్నాను. నిశ్శబ్దం. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఐదు నిమిషాల తర్వాత ముందు బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. ఊపిరి పీల్చుకున్నాను. "మేడం, ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?"

ఆ రోజు నాకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు. ఏళ్ల తరబడి బోర్డు ముందు ఆగకుండా మాట్లాడిన మనిషిని, నోరు మూసుకుని బల్లల మధ్య తిరగడం శిక్షలా ఉంది. ఎవరైనా తప్పు మాట అంటే నాలుక దాకా వచ్చేది, మింగేసేదాన్ని. పీరియడ్ చివర్లో కారిడార్ నుంచి ఒక సార్ తొంగిచూసి, లెక్చరర్ లేరనుకుని "సైలెన్స్!" అని అరిచి వెళ్లిపోయారు. అప్పటికి మాట్లాడుకుంటున్న రెండు గ్రూపులూ ఆగిపోయాయి.

రెండో వారానికి కదలిక వచ్చింది. బోర్డు మీద అనుమానాలన్నీ రాయించాను: అగ్నిపర్వతం, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, ఎవరో ప్రయోగించిన రసాయన ఆయుధం. వాసన వల్ల హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మెజారిటీ. కార్బన్ డయాక్సైడ్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. మనం రోజూ వదిలే గాలి అంతమందిని ఎలా చంపుతుంది అని వాళ్ల లెక్క. గాలిలో అది పది శాతం దాటితే మనిషి త్వరగా స్పృహ తప్పుతాడని తర్వాత వాళ్లే చదివి వచ్చారు.

ఇక్కడ ఒక అమ్మాయి గురించి చెప్పాలి. వెనక బెంచీ. అప్పటిదాకా నేను ఆమె గొంతు వినలేదు. "దీపాలు ఎందుకు ఆరాయి?" అంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మండే వాయువు, మోనాక్సైడూ మండేదే, మరి దీపం ఆరిపోవాలంటే మండనిది ఏదో అంత దట్టంగా వచ్చి ఉండాలి కదా అని. గ్రూపులో మిగతావాళ్లు వెంటనే అణుభారాలు తీశారు. మోనాక్సైడ్ 28, గాలి సగటున 29, అది నేల పట్టుకుని పాకదు. డయాక్సైడ్ 44, అంటే గాలికి ఒకటిన్నర రెట్లు. పల్లంలో ఉన్నవాళ్లే ఎక్కువ చనిపోయారన్న వాక్యం మొదటి పేజీలోనే ఉంది, అప్పుడు దొరికింది వాళ్లకు. సల్ఫైడ్ 34, అదీ గాలి కంటే బరువే కాబట్టి ఇంకా పూర్తిగా కొట్టేయలేం అని పక్క గ్రూపు అడ్డం పడింది. నేను నోరు తెరవలేదు. మూడో పేజీలో నీటి నమూనాల్లో సల్ఫర్ చాలా తక్కువ, వాయువు దాదాపు అంతా డయాక్సైడే అని చదివినప్పుడు ఆ అమ్మాయి వైపు అందరూ తిరిగి చూశారు. కుళ్లిన గుడ్ల వాసనేమిటన్నది మిగిలిపోయింది. ఎక్కువ గాఢతలో డయాక్సైడ్ పీల్చినవాళ్లకు లేని వాసన ఉన్నట్టు అనిపించి ఉండొచ్చన్నది శాస్త్రవేత్తల వివరణ. అది నేనే చెప్పాను, పిల్లలు తేల్చగలిగింది కాదు.

అప్పటికే కొందరు ఫోన్లలో సరస్సు పేరు కనిపెట్టేశారు. పక్క సెక్షన్ వాళ్లకు నాలుగో పేజీ ఫోటో కూడా వెళ్లిపోయింది. ముందు కోపం వచ్చింది కానీ దానివల్ల పెద్దగా చెడిందేమీ లేదు. జవాబు తెలిసినవాళ్లు "లోపల గ్యాస్ ఉంది, బయటికొచ్చింది" అనేవాళ్లు. ఎంత గ్యాస్, నీళ్లలో ఎందుకు నిలిచింది అంటే మళ్లీ మొదటికొచ్చేవాళ్లు.

లెక్క వేసిన రోజు నాకు బాగా గుర్తుండిపోయింది. 200 మీటర్ల అడుగున ఒక లీటరు నీళ్లలో గరిష్ఠంగా ఎంత డయాక్సైడ్ కరిగి ఉండగలదు? ప్రశ్న అంతే. పది మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ చొప్పున 20, పైన గాలిది 1 కలిపి 21 అని అందరూ తేల్చారు. తర్వాత ఒక గ్రూపు హెన్రీ స్థిరాంకం 0.034 తీసుకుని గుణించింది, 0.71 మోల్ వచ్చింది. పక్క గ్రూపు తమ పాఠ్యపుస్తకం పట్టికలోంచి 1.67 కిలోబార్ తీసుకుంది. "మీది గుణకారం ఏంటి, పీడనాన్ని స్థిరాంకంతో భాగించాలి" అని వీళ్లు, "భాగిస్తే పీడనం పెరిగినకొద్దీ కరగడం తగ్గుతుందా?" అని వాళ్లు. గొంతులు లేచాయి. అరగంట నడిచింది ఆ గొడవ. చివరికి రెండో గ్రూపు తమది మోల్ భిన్నమని (మొత్తం మోల్‌లలో గ్యాస్ వంతు అని) గ్రహించి, 21ని 1,670తో భాగించి, లీటరు నీళ్లలో ఉండే 55.5 మోల్‌లతో గుణిస్తే వాళ్లకూ సుమారు 0.7 వచ్చింది. ఇద్దరివీ ఒకే నియమానికి రెండు రూపాలు. ఒకదానిలో స్థిరాంకం పెద్దదైతే కరగడం ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. ఆ 0.71 మోల్ పైకొచ్చాక ఎంత చోటు ఆక్రమిస్తుందో వేస్తే లీటరు నీళ్లకు సుమారు 17 లీటర్ల గ్యాస్. "మూత తీసిన సోడా సీసానే కదా మేడం" అన్నాడు ఒకడు.

నాకు ఆ రోజు సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. మోల్ భిన్నం గ్రూపులో ఉన్నవాళ్లలో ఇద్దరు యూనిట్ టెస్టుల్లో హెన్రీ నియమం లెక్కలకు ఎప్పుడూ ఫుల్ మార్కులు తెచ్చుకునే పిల్లలు. ఫార్ములా ఇచ్చి, విలువలు ఇచ్చి, జవాబు కనుక్కోమంటే తప్పు చేయరు. ఏ రూపం వాడుతున్నామో, స్థిరాంకం దేన్ని కొలుస్తోందో అడిగితే తెలియదు. అలాగే, వేడి నీళ్లలో పంచదార ఎక్కువ కరుగుతుంది కాబట్టి గ్యాసూ అంతే అనుకునేవాళ్లు క్లాసులో మూడో వంతుకు తక్కువ లేరు. సరస్సు అడుగున గ్యాస్ బుడగలుగా ఒత్తుకుని కూర్చుందనుకున్నవాళ్లు ఇంకొందరు. లెక్చర్ చెబితే ఇవేవీ నాకు కనపడేవి కావు. ఈ పద్ధతి వల్ల పిల్లలకు ఏం వచ్చిందో ఎవరైనా అడిగితే తడుముకుంటాను కానీ, ఏం రాలేదో నాకు తెలిసొచ్చింది మాత్రం నిజం. అలా బయటపడ్డ ప్రతిదాన్నీ సరిచేయడానికి టైమ్ కావాలి, ప్లాన్‌లో ఆ టైమ్ ఎవరూ రాయరు.

సెప్టెంబరు మధ్యలో ముగ్గురు నా గదికొచ్చారు. బాగా చదివేవాళ్లే. "మేడం, ఏమీ అనుకోవద్దు, మాకు మీరు పాఠం చెబితేనే బాగుంటుంది. నోట్స్‌లో ఏమీ లేదు. పరీక్షకు ఏం చదవాలి?" నోట్సు తెరిచి చూపించారు. బాణం గుర్తులు, కొట్టివేతలు, సగం లెక్కలు. మార్కుల మీద ఆధారపడ్డ పిల్లలకు అది చూస్తే భయం వేయదా? అప్పటి నుంచి ప్రతి ముక్క చర్చ అయ్యాక పావుగంట నేను బోర్డు దగ్గర చెప్పడం మొదలుపెట్టాను. నియమం, దాని రూపాలు, ఒక లెక్క, ఒక పరీక్ష ప్రశ్న. పద్ధతి మీద పట్టుదల ఉన్నవాళ్లు దీన్ని ఒప్పుకోరేమో. నేనైతే మానను. చర్చలో ఇరుక్కుపోయి వచ్చిన పిల్లలు ఆ పావుగంట వినే తీరే వేరు, పెన్ను పక్కన పెట్టి వింటారు.

మార్కుల దగ్గర పెద్ద తలనొప్పి. గ్రూపుకంతా ఒకే మార్కు అంటే పనిచేసినవాళ్లు ఊరుకోలేదు. ఎవరెంత పని చేశారో మీలో మీరే మార్కులు వేసుకోండంటే అందరూ అందరికీ పదికి పది వేసుకున్నారు. గొడవ పడిన గ్రూపు వాళ్లూ అంతే. చివరికి గ్రూపు మార్కు తగ్గించి, ప్రతి ఒక్కరూ విడిగా ఒక పేజీ రాయాలన్నాను: అగ్నిపర్వత వాదాన్ని మీరు ఒప్పుకుంటారా, ఏ ఆధారంతో? అవి దిద్దడం మామూలు పేపర్లు దిద్దినట్టు కాదు, ఒక్కోటి మొత్తం చదవాలి. అక్టోబరులో నా సాయంత్రాలన్నీ వాటికే పోయాయి. జిరాక్సు ఖర్చు కూడా జేబులోంచే. డిపార్ట్‌మెంట్ ఖాతాలో రాయించుకోవచ్చని నాకు ఆలస్యంగా తెలిసింది.

ముగింపు పిల్లలకు నచ్చలేదు. సరస్సును ఆ రాత్రే కదిలించింది కొండచరియా, వానా, గాలా అన్నది ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు అంటే "ఇన్ని వారాలు చేసి జవాబు లేదా?" అని ఉసూరుమన్నారు. అందుకని చివరి రోజు 2001లో అక్కడ దించిన పైపు గురించి చెప్పాను. అడుగు నీళ్లను పైకి రప్పించడానికి మొదట మాత్రమే పంపు కావాలి. నీళ్లు పైకొస్తున్నకొద్దీ పీడనం తగ్గి గ్యాస్ విడిపోతుంది, ఆ బుడగలే నీళ్లను లాక్కొస్తాయి, ఇక దానంతట అదే ఎగజిమ్ముతూ ఉంటుంది. పంపు ఆపేశాక కూడా ఎందుకు ఆగదో వివరించండి అన్నది ఆఖరి ప్రశ్న. గంట కొట్టినా చాలామంది లేవలేదు.

నవంబరులో పరీక్ష అయింది. లెక్కల ప్రశ్నల్లో గత ఏడాది పిల్లలకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. "వివరించండి" అన్న ప్రశ్నల్లో కనిపించింది. బట్టీ వాక్యాలు తగ్గాయి, తప్పు రాసినా ఏదో ఒక కారణం రాశారు. పోర్షన్ విషయంలో మేడం భయపడ్డట్టే వెనకబడ్డాం. చివరి యూనిట్‌ను శనివారాలు క్లాసులు పెట్టి పరుగు మీద ముగించాను, దాని మార్కులు బాగా తగ్గాయి. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో సగం మంది మళ్లీ ఇలాగే కావాలన్నారు, మిగతావాళ్లలో ఎక్కువమంది "కేసు బాగుంది, కానీ నోట్స్ ఇవ్వండి" అని రాశారు. ఆ మొదటి రోజు ఎగ్జామ్ గురించి అడిగిన అబ్బాయి పేరు రాయకపోయినా చేతిరాత గుర్తుపట్టాను. "గ్రూపులు మేమే వేసుకుంటాం" అని ఒక్క లైను రాశాడు.

వచ్చే ఏడాది రెండు యూనిట్లు కాదు, ద్రావణాలు ఒక్కటే ఈ పద్ధతిలో చెబుతాను. థర్మోడైనమిక్స్ డెరివేషన్లు, క్వాంటం భాగం జోలికి వెళ్లను, వాటికి బోర్డూ సుద్దముక్కే నయం. గ్రూపులు మాత్రం మళ్లీ నేనే వేస్తాను. నోట్స్ కోసం ప్రతి ముక్క వెనక ఒక ఖాళీ పేజీ పెడుతున్నాను: నియమం, యూనిట్లు, ఒక లెక్క, పిల్లలే నింపాలి, నేను చూసి సంతకం పెట్టాలి. టైమ్‌టేబుల్ బ్లాకు కోసం ఈసారి ఫిబ్రవరిలోనే కాగితం పెడుతున్నాను.